ఏడో నంబరు మీద కాపురం

మా పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు మేమిద్దరం రోజుకి పది నిమిషాల చొప్పున కాపురం చేశాం. మాకు పడక కాదు, పోట్లాడుకుని కాదు. జిప్పుల ఫ్యాక్టరీలో ఇద్దరిదీ ఒకే మిషను. ఆయన పొద్దున్న ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా, నేను రెండింటి నుంచి రాత్రి పదింటి దాకా. పొడుగాటి గుడ్డ పట్టీ అంచున లోహపు పళ్ళు గుచ్చే మిషన్లు పన్నెండు వరసగా ఉండేవి, అందులో ఏడో నంబరు మాది. ఎంతమంది పెద్దమనుషుల పరువు మా చేతుల మీదుగా నిలబడిందో మీకు తెలియదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

పిల్ల పుట్టినప్పుడు చూసుకోవడానికి ఎవరూ లేక మేమే అడిగి ఈ షిఫ్టులు వేయించుకున్నాం. పొద్దున ఇల్లూ పిల్లా నావి, సాయంత్రం ఆయనవి. షిఫ్టు మారే పావుగంటా పిల్లని పక్కింటావిడ చూసేది. వారం సెలవు కూడా ఆయనది ఒక రోజు, నాది ఇంకో రోజు, అదీ ఓవర్టైముకే పోయేది. పిల్ల బడికి పోయే వయసు వచ్చాక, ఇక ఇద్దరినీ ఒకే షిఫ్టులో వేయమని సూపర్వైజరును అడిగాం. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు పెట్టుకుని తిరిగేవాడు కనుక అతన్ని అందరం పెన్సిలు అనేవాళ్ళం.

"ఏడో నంబరు మీ ఇద్దరి మాటే వింటుందమ్మా. ఇంకెవరు ముట్టుకున్నా పళ్ళు వంకర పోతాయి. మీరిద్దరూ ఒకే షిఫ్టులో కూర్చుంటే రెండో షిఫ్టులో దాంతో ఎవరు వేగాలి?" అన్నాడు. పొగిడాడో తప్పించుకున్నాడో తెలియక నవ్వుతూ వచ్చేశాం. అంత తెలివైనవాళ్ళం మేము.

మా ఫ్యాక్టరీలో ఒక నియమం ఉండేది. తరవాతి షిఫ్టు మనిషి వచ్చి మిషను పక్కన నిలబడి, జరిగినదంతా విని, "సరే" అన్నాకే ముందు మనిషి కదలాలి. ఆ అప్పగింతకి పది నిమిషాలు. ఆ పది నిమిషాలే మా కాపురం. "మూడో గైడు వదులైంది, పట్టీ పక్కకి జరుగుతోంది, చూసుకో. పట్టీ చుట్ట మధ్యలో ముడి ఉంది. పిల్లకి దగ్గు తగ్గిందా?" అని ఆయన. "తగ్గింది. కూర పొయ్యి మీదే ఉంది. కుళాయికి వాషరు వేయించండి" అని నేను. ఆ తరవాత "సరే". రాత్రి నేను ఇంటికి చేరేసరికి ఆయన నిద్ర. పొద్దున్న ఆయన బయల్దేరేసరికి నేను నిద్ర. నిద్రపోతున్న ఆయన మొహం నాకు కంఠస్థం. మెలకువగా ఉన్న మొహం మాత్రం ఆ మిషను హోరులో, పది నిమిషాలు.

ఆ పది నిమిషాల కోసం నేను గేటు బయట ఆగి తల దువ్వుకునేదాన్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

ఒకరోజు రెండింటికి, రెండు షిఫ్టులూ కలిసే వేళ చూసి, అందరినీ ప్యాకింగు హాల్లో నిలబెట్టారు. టై కట్టుకున్న ఒకాయన స్టూలెక్కి, ఫ్యాక్టరీని సముద్రం అవతలికి తీసుకుపోతున్నామని చెప్పాడు. అక్కడ మనుషులు చవగ్గా దొరుకుతారని అనలేదు పాపం. "పోటీని తట్టుకోవాలి కదా" అన్నాడు. "మీరంతా మా కుటుంబం" అని కూడా అన్నాడు. కుటుంబాన్ని ఎవరైనా ఇలా రోడ్డున పడేస్తారా అని నేను గట్టిగానే అడిగాను. పక్కనున్న మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. నలుగురి ముందూ ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆ టై మనిషి తరవాత ఏం చెప్పాడో నేను వినలేదు.

నెల తిరక్కుండా మిషన్లు విప్పేశారు. ఏడో నంబరును చెక్కపెట్టెలో కూర్చోబెట్టి మేకులు కొడుతుంటే ఇద్దరం పక్కనే నిలబడి చూశాం.

"అక్కడివాళ్ళ మాట వింటుందంటావా?" అన్నాడు మా ఆయన.

"వినకపోతే వాళ్ళ ఖర్మ" అన్నాను.

చేతికిచ్చిన డబ్బు కొన్నాళ్ళు నెట్టుకురావడానికి సరిపోతుంది. ఇల్లు సొంతం. అమ్మాయికి పెళ్ళయింది, డిపో దగ్గర కాపురం, బస్సులో కండక్టరుగా చేస్తోంది. కనుక ఆకలి భయం లేదు. నా భయం వేరే. ఈ మనిషికి నేను రోజుకి పది నిమిషాలే తెలుసు, అదీ తల దువ్వుకుని వచ్చిన పది నిమిషాలు. పొద్దున్నుంచీ రాత్రిదాకా నన్ను చూస్తే, నా అరుపులూ నా విసుగూ చూస్తే, ఈయనకి నేను నచ్చుతానా? నలభై ఆరేళ్ళకి ఇదేం భయమే అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటే పోతుందా?

పని లేని మొదటి రోజు, పొద్దున్న ఆరింటికల్లా ఆయన చొక్కా తొడుక్కుని "ఏదైనా పని దొరుకుతుందేమో చూసొస్తా" అని వెళ్ళిపోయాడు. రెండింటికి వచ్చాడు. నేను గుమ్మంలోనే నిలబడి "నీళ్ళు వచ్చాయి, పట్టేశాను. బట్టలు ఆరేశాను, మీరు తీయండి" అని చెప్పాను. "సరే" అన్నాడు. నేను సంచి తగిలించుకుని బయటికి నడిచాను. ఎక్కడికని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. వీధి చివరికి వచ్చాక గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. మధ్యాహ్నం ఇల్లు ఆయనది కదా, నేనెలా ఉంటాను?

వెనక్కి తిరిగి వెళ్ళడానికి సిగ్గేసింది. ఎదురుగా మా అమ్మాయి పనిచేసే బస్సు వచ్చి ఆగింది, ఎక్కేశాను. "ఎక్కడికమ్మా?" అంటే "ఇంట్లో ఉబ్బగా ఉంది, గాలికి" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి టికెట్టు చింపి ఇచ్చింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి, చీకటి పడేదాకా తిరిగాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మా ఊళ్ళో ఏ కొట్టు ముందు ఎన్ని మెట్లున్నాయో ఇప్పుడు నన్నడగండి, చెబుతాను. ఫ్యాక్టరీ పోయి మూడు వారాలైనా మా షిఫ్టులు మాత్రం పోలేదు.

మూడో వారం గురువారం రెండింటికి, మేమిద్దరం గుమ్మంలో అప్పగింతలో ఉండగా పెన్సిలు వచ్చాడు. ఆ వేళకైతే ఇద్దరం ఒకచోట దొరుకుతామని అతనికి తెలుసు. ఊరి బయట సరుకుల గోడౌనులో అతనికి మేనేజరు ఉద్యోగం వచ్చిందట.

"రెండు ఖాళీలున్నాయి. పొద్దున షిఫ్టులో ఒకటి, మధ్యాహ్నం షిఫ్టులో ఒకటి. అచ్చం మీ కోసమే చేసినట్టున్నాయని ఇంకెవరికీ చెప్పకుండా పరిగెత్తుకొచ్చా. సోమవారం నుంచి వచ్చేయండి" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"సరే" అన్నాం, ఇద్దరం ఒక్కసారే.

ఆయన అంత తొందరగా సరే అనేసినందుకు నాకు ఒళ్ళు మండిపోయింది. కాసేపు ఆలోచించినట్టు నటిస్తే ఏం పోయింది? నేనూ అంతే తొందరపడ్డానన్న సంగతి అప్పుడు గుర్తే లేదు. విసవిసా నడిచి వెళ్ళి బస్సెక్కి కూర్చున్నాను.

"టికెట్, టికెట్" అంటూ వచ్చిన మా అమ్మాయి నన్ను చూసి నెత్తి కొట్టుకుంది.

"అమ్మా, ఇక నా వల్ల కాదు. పొద్దునంతా నాన్న, మధ్యాహ్నం నుంచి నువ్వు. అదే కిటికీ, అదే సీటు! మూడు వారాలుగా మీ ఇద్దరికీ టికెట్లు చింపలేక చస్తున్నా."

"మీ నాన్నా? ఆయన పని వెతుక్కోడానికి కదా..."

"ఏం పని? నా బస్సులో ఉందా పని? 'పొద్దున ఇల్లు తన ఒక్కదానిదీ అయితేనే మీ అమ్మకి అలవాటు, నేనుంటే అడ్డం' అంటారు. నీతో చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు. నువ్వేమో ఉబ్బ అంటావ్. మీ ఇంట్లో ఏమన్నా గొడవా అని డ్రైవరన్న అడుగుతున్నాడు. గొడవైనా బాగుండేది! రేపట్నుంచి మీ ఇద్దర్లో ఎవరు నా బస్సెక్కినా నడిరోడ్డు మీద దింపేస్తా. పో, ఇంటికి పో."

బస్సులో వాళ్ళందరూ మెడలు తిప్పి నన్నే చూశారు. అన్నట్టే తరవాతి స్టాపులో దింపేసింది కూడా. కని పెంచినందుకు అదీ నాకు దక్కిన మర్యాద.

ఆయనకీ ఫోను చేసి అదే మాట చెప్పిందట, శుక్రవారం గత్యంతరం లేక ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఆయన చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. "మంచినీళ్ళు కావాలా?" "నువ్వు కూర్చో, నేను తెచ్చుకుంటా." "అయ్యో, పరవాలేదండీ." "నీకెందుకు శ్రమ." ఇలా ఒకరికొకరం మర్యాదలు చేసుకుని చేసుకుని సాయంత్రానికి నీరసం వచ్చి పడుకున్నాం.

శనివారం పొద్దున్న నేను వంటింట్లోకి వెళ్ళేసరికి ఉప్పు డబ్బా పై అరలో ఉంది. అది కొత్తేమీ కాదు. ఇరవై ఏళ్ళుగా ప్రతి పొద్దున్నా అది పై అరలోనే ఉంటుంది. నేను దించి పొయ్యి పక్కన పెట్టుకుంటాను, సాయంత్రం వంట చేసే ఆయన ఎత్తి మళ్ళీ పైన పెడతాడు. ఇన్నాళ్ళూ ఎదురుగా మనిషి లేడు గనుక డబ్బాని తిట్టి ఊరుకునేదాన్ని. ఆవేళ మనిషి ఎదురుగానే ఉన్నాడు.

"ఈ డబ్బాకి పైకెక్కే జబ్బేమిటండీ?"

"పిల్ల లాగేస్తుందని" అన్నాడు.

"ఏ పిల్ల?"

"మన పిల్లే. రెండేళ్ళప్పుడు ఉప్పంతా ఒలకబోసుకుని గుప్పెళ్ళతో తినలేదూ?"

"ఆ పిల్ల ఇప్పుడు బస్సులోంచి జనాన్ని దింపేస్తోంది! ఇంకా వచ్చి ఉప్పు లాగుతుందా?"

"అలవాటైపోయిందే. నువ్వు కింద పెట్టడం, నేను ఎత్తడం. ఎందుకు ఎత్తుతున్నాడో అని ఒక్కనాడైనా ఆలోచించావా? మనిషన్నాక కాస్త జాగ్రత్త ఉండాలి."

జాగ్రత్తట! నాకు! అంతే, గొంతెత్తాను. ఆయనా ఎత్తాడు. ఆయనకి అంత గొంతుందని నాకు అప్పటిదాకా తెలియదు. తడి తువ్వాలు మంచం మీద పడేయడం, నేను తలుపులు ధడేలున వేయడం, పిల్ల మూడో తరగతిలో పారేసుకున్న గొడుగుకి కారణం ఎవరన్నది, అన్నీ బయటికొచ్చాయి. పది నిమిషాల్లో పోట్లాడటం ఎవరి వల్ల అవుతుంది చెప్పండి. వేడెక్కేలోపే సైరను మోగేది. ఇరవై రెండేళ్ళ పోట్లాటలు అలాగే మిగిలిపోయాయి మాకు.

"అయినా ఆ డబ్బా పైన ఉంటే నీకేం? చెయ్యి చాపితే అందదా?"

"అందదు! నా భుజం పైకి లేవదు. ఆరేళ్ళ నుంచి లేవదు. ఆ పట్టీ చుట్టలు ఎత్తీ ఎత్తీ పోయింది."

ఆయన నా భుజం వైపు చూశాడు.

"ఆరేళ్ళ నుంచా? నాకెందుకు చెప్పలేదే?"

"ఎప్పుడు చెప్పను? ఆ పది నిమిషాల్లో మూడో గైడు సంగతి చెప్పనా, పిల్ల చదువు సంగతి చెప్పనా, నా భుజం సంగతి చెప్పనా? చెప్పినా మీరు వింటేగా! సగం మాటలకి జవాబే ఉండదు. గోడకి చెప్పినట్టే."

"ఏ వైపు నిలబడి చెప్పేదానివి?"

"ఏ వైపైతే ఏమిటి?"

"ఎడమ వైపు నుంచి చెబితే నాకు వినబడదు. ఆ చెవి నాలుగేళ్ళ కిందటే పోయింది." తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు. "చెవి పోయిందంటే పెన్సిలు నన్ను ఏడో నంబరు మీంచి తీసి ఎక్కడో వేస్తాడు. అక్కడికి రెండింటికి నువ్వు రావు కదా. అందుకే ఎవరికీ చెప్పలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూడా ఇంకాసేపు తిట్టాను, అంత కోపం మీద ఒక్కసారిగా ఆగడం రాలేదు. కళ్ళు తుడుచుకుని చూస్తే గోడ గడియారంలో నాలుగైంది. రెండు ఎప్పుడు దాటిందో ఇద్దరికీ తెలియదు. వంటా లేదు, ఏమీ లేదు. మిగిలిన రొట్టె చెరి సగం తుంచుకుని తిన్నాం.

ఆదివారం ఆయన పొద్దున్నే "చిన్న పనుంది" అని వెళ్ళి, పొద్దుగూకే వేళకి వచ్చాడు. ఏం పని అంటే చెప్పలేదు. నాకు అర్థమైపోయిందనుకున్నాను. నా నోరు చూశాడు, నా అరిగిపోయిన భుజం సంగతి విన్నాడు, సోమవారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. పది నిమిషాల నన్ను కోరుకున్నంత మాత్రాన రోజంతా నన్ను కోరుకోవాలని ఎక్కడుంది? "మీరు ఆ పొద్దున షిఫ్టుకి పోకండి, నాతో ఉండండి" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంత నోరున్నదాన్ని, అడగాల్సిన ఒక్కటీ అడగలేకపోయాను.

సోమవారం ఐదున్నరకి ఆయన చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసుకుని వెళ్ళడం, కళ్ళు మూసుకుని పడుకునే విన్నాను. కాసేపటికి లేచి వంటింట్లోకి వెళితే ఉప్పు డబ్బా కిందనే, పొయ్యి పక్కన, నా చేతికి అందేచోట ఉంది. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. ఇంత మంచివాడు మళ్ళీ పది నిమిషాల మొగుడు అయిపోయాడే అని ఏడ్చాను.

ఏడింటికల్లా ఆయన తిరిగొచ్చేశాడు.

"ఏమైంది? డ్యూటీ?"

"మానేశా."

"చేరకుండానే ఎలా మానేస్తారు?"

"చేరనని చెప్పొచ్చా. మనకోసం అంత తిరిగిన మనిషికి ఎదురుగా వెళ్ళి చెప్పాలి కదా, ఫోన్లో ఏం బాగుంటుంది?"

"మతి గానీ పోయిందా మీకు? దొరక్క దొరక్క దొరికిన ఉద్యోగాన్ని కాలదన్నుకుని..."

"కాస్త కుడి వైపుకి వచ్చి తిట్టు" అన్నాడు.

వెళ్ళాను. వెళ్ళాక తిట్టు గుర్తు రాలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"బస్టాండు దగ్గర బ్యాగులు కుట్టే ఆయన ఉన్నాడు చూడు, నిన్నంతా అతని దగ్గర కూర్చున్నా. ఊడిపోయిన జిప్పులు రోజుకి ఎన్నొస్తున్నాయనుకున్నావ్! అతనికి బాగుచేయడం రాదు, మొత్తం పీకి కొత్తది వేస్తాడు. నేను పన్నెండు బాగుచేసి చూపించా. పక్కనే బల్ల వేసుకోమన్నాడు. మధ్యాహ్నం రెండింటి నుంచి, నువ్వు గోడౌనులో ఉన్నంతసేపూ నేనక్కడ. రాబడి జీతమంత ఉండదు, అది ముందే చెబుతున్నా."

"పెన్సిలు ఏమన్నాడు?"

"పిచ్చాడివా అన్నాడు. నేనూ కాదనలేదు. నీ భుజం సంగతి కూడా చెప్పొచ్చా. బరువులెత్తే చోట వెయ్యకు, లేబుళ్ళు అంటించే బల్ల దగ్గర కూర్చోబెట్టు అన్నా. సరే అన్నాడు."

అడగాల్సింది అప్పుడు అడిగేశాను. "మరి గురువారం నాడు ఎగిరి గంతేసినట్టు సరే ఎందుకన్నారు?"

"నువ్వు అంటావని తెలిసే. నువ్వు సరే అంటుంటే నేను వద్దంటే, ఈయన రోజంతా నా నెత్తిన కూర్చుంటాడు కాబోలని బెదిరిపోతావేమోనని." కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. "శనివారం పొద్దున్నుంచి నాలుగింటిదాకా తిట్టావు. అంతసేపు నువ్వు నాతో ఎప్పుడు మాట్లాడావు చెప్పు? నాకైతే బాగుంది."

నేను ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. తరవాత సిగ్గేసి "రోజూ తిడతాను, అప్పుడు తెలుస్తుంది" అన్నాను.

"పొద్దున్నే మొదలుపెట్టు. రెండింటిదాకా ఖాళీయే" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇద్దరం కలిసి బయల్దేరాం. నేను తలుపు వేశాను. అప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇంటికి తాళం లేదు. ఎప్పుడూ కొననే లేదు. ఫ్యాక్టరీ వీధి మలుపులోనే ఉండేది గనుక, నేను గడియ పెట్టి వెళితే పావుగంటలో ఆయన ఇంట్లో ఉండేవాడు. చుట్టాల పెళ్ళిళ్ళకైనా చావులకైనా ఒకరం వెళితే ఒకరం ఉండిపోయేవాళ్ళం. అమ్మాయి పెళ్ళి కూడా ఇంటి ముందు పందిట్లోనే చేశాం. ఇద్దరం కలిసి ఇల్లు వదిలిన రోజంటూ ఇరవై రెండేళ్ళలో ఒక్కటి లేదు.

గడియ పెట్టి, వీధి చివరనున్న ఇనుప సామాన్ల కొట్టుకి గబగబా నడిచాం. కొట్టతను ఒక తాళం తీసి, తీగకి కట్టి ఉన్న రెండు తాళంచెవులూ విప్పి, ఒకటి ఆయన ముందూ ఒకటి నా ముందూ పెట్టాడు. "చెరొకటి ఉంచుకోండి. ఎవరు ముందొస్తే వాళ్ళు తీసుకోవచ్చు" అన్నాడు.

"మాకు ఒకటి చాలు, రెండోది అమ్మాయికిస్తాం" అన్నాను. "మేమిద్దరం కలిసే వెళతాం, కలిసే వస్తాం."

ఎందుకు అంత గట్టిగా చెప్పానో, కొట్టతను తలెత్తి వింతగా చూశాడు. అందులో వింతేముంది, మొగుడూ పెళ్ళాలన్నాక అంతే కదా.